ఉత్తకాళ్ళకు అల్యూమినియం పెడళ్ళు

కార్లకు సామాన్లు బిగించే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను ఒకటే అడుగుతుంటారు: "ఆరేళ్ళలో మీ సంతకం పడిన బండి ఒక్కటి కూడా వెనక్కి రాలేదంట కదా?" ఎవరు పుట్టించారో తెలీదు, ఆ మాట అబద్ధం. ఒకటి వచ్చింది. సరిగ్గా చెప్పాలంటే అది రాలేకపోయింది, నేనే దాని దగ్గరికి వెళ్ళాను. నేను సంతకం పెట్టిన అన్ని బండ్లలోకీ నాకు సంతోషం కలిగించేది కూడా అదే. అందుకని దాని గురించే రాస్తున్నాను. మీకు పనికొచ్చే విషయం మధ్యలో ఎక్కడో తగులుతుంది, వెతుక్కోండి.

మా అంగడి పెనుకొండ దగ్గర హైవే పక్కన ఉండేది. అటువైపు కార్ల ఫ్యాక్టరీ వచ్చాక రోడ్డు పొడుగునా పుట్టుకొచ్చిన అంగళ్ళలో అదొకటి. లోపల నలుగురం: ఓనరు, నల్లమాడ నుంచి వచ్చే ఫిట్టరు, సీటు కవర్లు కుట్టే టైలరు, నేను. అంతకు ముందు నేను హిందూపురంలో బోల్టులు తయారుచేసే వర్క్‌షాపులో ఇరవై రెండేళ్ళు చెకింగ్ సెక్షన్లో ఉన్నాను. బోల్టు బెజ్జంలో దూరుతుందా, దూరితే ఎంత ఖాళీ మిగులుతుంది, అదే నా పని. ఆ వర్క్‌షాపు మూతపడ్డాక, అదే చోట స్టోర్స్‌లో పనిచేసిన మనిషి ఈ అంగడి పెట్టి నన్ను పిలిచాడు. మొదటి రోజే అందరి ముందూ చెప్పాడు: "బండి గేటు దాటాలంటే అక్క సంతకం పడాల. నా బండైనా సరే."

బండికో పేజీ చొప్పున పుస్తకం రాసేదాన్ని. వారం, వేళ, ఏం బిగించాం, ఎంత కొలతకు బిగించాం, ఎన్నిసార్లు పరీక్షించాం. ఫిట్టరూ టైలరూ చాటుగా నన్ను కొలతలక్క అనేవాళ్ళు. నాకు తెలుసన్న సంగతి వాళ్ళకు తెలీదు.

అల్యూమినియం పెడళ్ళు ఎక్కువగా కుర్రకారు కొనుక్కునే సరుకు. కారుతో వచ్చిన రబ్బరు ముక్క ఊడబెరికి, దాని మీద తళతళలాడే పలక పెట్టి వెనక నుంచి క్లాంపుతో బిగిస్తాం. పలక నిండా గుండ్రటి బెజ్జాలు, మధ్యమధ్య రబ్బరు బొడిపెలు. నలభై నిమిషాల పని. ఫిట్టరుకు వాటి మీద బొత్తిగా గౌరవం లేదు. "కాలి కింద అద్దం పెట్టుకున్నట్ల. కిందికి తొంగి సూసేదెవురు?" అనేవాడు. నా షరతు ఒకటే: కారుతో వచ్చిన ఏ భాగానికీ బెజ్జం వేయకూడదు, అన్నీ క్లాంపులే.

కార్తీక మాసం, సోమవారం, పొద్దున పది నలభై. చేతులు మారిన తెల్ల కారొకటి వచ్చి అంగడి ముందు ఆగింది. స్టీరింగు వెనక మనిషి కనబడలేదు. తలుపు తెరుచుకుంది. ముందు రెండు ఉత్తకాళ్ళు దిగాయి, తర్వాత ఆమె దిగింది. నలభై దాటి ఉంటుంది. నా చెవి దగ్గరికి వస్తుంది. నేనే పొట్టిదాన్ని. అవతలి తలుపు తీసుకుని ఆరడుగుల మనిషి ఒకడు, ఒక్కో కాలూ మడతలు విప్పినట్టు దిగాడు. ఆమె మరిది. లైసెన్సున్నవాడు గనక నేర్చుకునే మనిషి పక్కన కూర్చుని వచ్చాడు.

"అక్కా, ఆ డబ్బాలో మెరస్తాండేవి, అవి నా కారుకు బిగిస్తారా?" అంది ఆమె.

ఫిట్టరు స్పానరు తుడుచుకుంటూ, "ఏమ్మా, రేసుకు పోతాండావా?" అన్నాడు.

"అవునన్నా. మా మరిదితోనే రేసు."

మరిది నవ్వలేదు. "మగ్గం తొక్కినట్ల గాదొదినా కారంటే. రెండు తూర్లు తప్పినావు. శుక్రవారం గూడా తప్పితే తాళాలు నాకిస్తానన్నాడు అన్న. గుర్తుండాదా?"

"యాడ మర్చిపోనిస్తావబ్బా నువ్వు? నిద్దట్లో గూడా అదే ఇనబడుతుండాది."

వాళ్ళది ధర్మవరం. ఆమె పుట్టింటా అత్తింటా మగ్గాలే. భర్తకు చూపు మందగించాక నేత ఆమె చేతికి వచ్చింది, చీరలు అమ్మే పని కూడా వచ్చింది. మూటలు నెత్తిన పెట్టుకుని బస్సుల్లో, ఆటోల్లో పెనుకొండ, హిందూపురం అంగళ్ళకు తిరిగేది. ఒకసారి వానలో ఒక మూట తడిసిపోయాక, ఇంక ఎవరు చెప్పినా వినకుండా కారు కొనిపించింది. మరిదికి ఆ కారును లేపాక్షికి యాత్రికులను తిప్పడానికి పెట్టాలని ఆశ. ఇద్దరి మధ్యా నలిగిన భర్త ఒక తీర్పు చెప్పాడు: మూడు సార్లు లైసెన్సు పరీక్షకు పోనిద్దాం, పాసైతే కారు ఆమెది, లేకుంటే తమ్ముడిది.

మొదటిసారి క్లచ్చి పూర్తిగా అందక కారు మూడుసార్లు ఆగిపోయింది. రెండోసారి వీపు వెనక దిండు పెట్టుకుని, కాలివేళ్ళ కొసలతో అందుకుంది. కానీ ఏది బ్రేకో ఏది క్లచ్చో చూసుకోవడానికి తల కిందికి వంచింది, వెనక గుర్తుగా పాతిన కర్ర పడిపోయింది. కాళ్ళు చూసుకుంటూ నడుపుతోందని ఇన్‌స్పెక్టరు తప్పించాడు. అందుకే ఆమె వచ్చింది. మెరుపు కోసం కాదు.

"ఆ పలకలు నా కాళ్ళకాడికి వచ్చేటట్ల పెడ్తే సాలు," అంది.

ఆలోచించాల్సిన పని వస్తే ఫిట్టరుకు ముఖం వెలుగుతుంది. కారు పెడలుకూ పలకకూ మధ్య ముప్పై అయిదు మిల్లీమీటర్ల అల్యూమినియం దిమ్మలు కోసి పెట్టాడు. నేను ఆమె ఎత్తు రాసుకున్నాను: నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. మోకాలి నుంచి మడమ దాకా, సీటు నుంచి పెడలు దాకా కొలిచాను. తివాచీ తగలడం లేదు, బ్రేకు చివరి దాకా పోతోంది, నట్లు బిగువుగా ఉన్నాయి. తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుని ఒక్కో పెడలూ ఇరవై సార్లు తొక్కాను. వర్క్‌షాపు రోజుల నుంచి నాకు పనిలో లావుపాటి బూట్లు వేసుకోవడం అలవాటు. ఆ బూట్లతోనే తొక్కాను. మధ్యాహ్నం రెండూ ఇరవైకి సంతకం పెట్టాను.

ఆమె ఉత్తకాళ్ళతో దిగడం నేను చూశాను. చూసి కూడా రాసుకోలేదు.

మూడూ ముప్పావుకు అంగడి ఫోను మోగింది. అవతల మరిది.

"మేడమ్, మీ పెడలు మా ఒదిన కాలు ఇడ్సడం లేదు."

"ఏమంటున్నారు?"

"నేనేమీ అనడంలేదు మేడమ్. మీరొచ్చి సూడండి. చెన్నేకొత్తపల్లి దాటినాక, రోడ్డు కింద. గొర్రెలు కనబడతాయి, ఆడికి రండి."

ఫిట్టరు బైకు వెనక కూర్చుని వెళ్ళాను. నిజంగానే ముందు గొర్రెలే కనబడ్డాయి. రోడ్డు పక్క చేలో, కాయలు కోసేసిన వేరుశనగ మొక్కల కట్టె వామి, అందులో బానెట్టు దాకా దూరిన తెల్ల కారు, దాని చుట్టూ పండగ చేసుకుంటున్న మంద. ఎవరికీ గీత కూడా పడలేదు, కారుకు కూడా. డ్రైవరు తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె ఎడమకాలు క్లచ్చి మీదే పెట్టుకుని, ఒళ్ళో కాగితం పరుచుకుని బొరుగులు తింటోంది. వామి తాలూకు పెద్దాయన తెచ్చిచ్చినవట. ఆయన చెదిరిపోయిన వామిని చూసి తిట్టాలో, బండిలో చిక్కుకున్న ఆడమనిషిని చూసి జాలిపడాలో తేల్చుకోలేక రెండూ మార్చి మార్చి చేస్తున్నాడు.

జరిగింది ఇది. రోడ్డు మీద ఒక లారీకి దారి ఇవ్వడానికి ఆమె నెమ్మదించి, పక్కకు దించి, క్లచ్చి తొక్కింది. కాలివేలి మెట్టెకు పైన ఒక గుండు ఉంటుంది కదా, వేళ్ళ కొసలతో తొక్కేసరికి మెట్టె తిరిగి, ఆ గుండు వేలి కిందికి వచ్చి పలక బెజ్జంలోకి దిగి కొంచెం తిరిగి కూర్చుంది. కాలు రావడం లేదు. ఏమైందా అని ఆమె తల వంచి చూసింది. తల ఎత్తేసరికి ఎదురుగా వామి. మనిషి నడిచే వేగంతో మెత్తగా వెళ్ళి దూరింది.

"కాలు నాది, మెట్టె మా ఆయన తొడిగింది, పెడలు మీది," అంది ఆమె నన్ను చూడగానే. "ముగ్గురిలో తప్పెవరిదో నువ్వే చెప్పాలక్కా."

ఫిట్టరు కారు కింద పడుకోవాల్సినంత పని చేసి, పలకను క్లాంపు నుంచి విప్పాడు. మెట్టె మాత్రం పలకను వదల్లేదు. ఆమె కాలికి అరచేయంత అల్యూమినియం పలక వేలాడేసుకుని, ఒంటికాలి మీద గెంతుతూ గట్టు మీదికి వచ్చి కూర్చుంది. గొర్రెలాయన కర్ర మీద గడ్డం ఆనించి అంతా చూస్తున్నాడు.

"మా పొట్టేలుక్కూడా ఒకటి బిగియ్యప్పా," అన్నాడు ఫిట్టరుతో. "దినామూ తప్పిచ్చుకోని పోతాండాది."

ఆమె అంత గట్టిగా నవ్వుతుందని నేను అనుకోలేదు. ఆ నవ్వుకు పెద్దాయన కూడా నవ్వేశాడు. ఇంక తిట్టడం కుదరక కొబ్బరినూనె తెప్పించాడు. నూనె పోశాక మెట్టె జారి వచ్చింది. తర్వాత అందరం కలిసి వామి తిరిగి వేశాం. నలభై నిమిషాలు పట్టింది. ఎక్కువ కట్టె మోసింది మరిదే, ఆ మాట రాయకపోతే అన్యాయం. అయితే ప్రతి మోపుకూ ఒకసారి "నేను చెప్తానే ఉండా" అన్నాడు. ఫిట్టరు మిగతా పలకలు, దిమ్మలు కూడా విప్పేశాక, కారును ఇంటికి తోలుకుపోయింది కూడా అతనే.

నేను గట్టు మీద కూర్చుని వెర్నియర్ తీసి మెట్టె గుండు కొలిచాను. ఎనిమిది మిల్లీమీటర్లు. పలక బెజ్జం తొమ్మిది. వర్క్‌షాపులో అయితే ఆ జతను చూసి ఎంత చక్కగా కుదిరిందో అని సంతకం పెట్టేదాన్ని. అప్పుడు నా బూట్లు విప్పాను, మేజోళ్ళు విప్పాను. నా కాళ్ళకూ మెట్టెలున్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఉన్నాయి. ఇంట్లో దుప్పటి పోగు చిక్కుకుంటే రోజూ తిట్టుకునే మెట్టెలు. పుస్తకంలో ఆ పేజీ కిందే రాశాను: "సోమవారం, సాయంత్రం అయిదూ పది. తప్పు నాది."

మంగళవారం అంగట్లో ఓనరు తేల్చేశాడు. "పాత రబ్బర్లే బిగిచ్చి పంపిచ్చేద్దాం అక్కా. మనకెందుకీ తంటా. లేదంటే మెట్టెలు తీసి నడపమను."

టైలరు మిషను మీది నుంచి తల ఎత్తలేదు. "ఆ మాట ముందు ఇంట్లో మీ ఆడోళ్ళతో చెప్పు సామీ. రేత్రికి నీకు కూడుంటాదో లేదో సూసి, పొద్దున్నే ఈమెకు చెప్దాం."

ఓనరు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. బూట్లు వేసుకోమని నేనే ఆమెకు ఫోను చేసి అడిగాను. "బూట్లేసుకుంటే నా కాళ్ళకు కండ్లు పోతాయక్కా," అంది. నాకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాని కొలత మీద పని చేయకూడదు. బుధవారం సెలవు పెట్టి, హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వెళ్ళాను.

నేను పట్టుచీరలు చాలా చూశాను గానీ, మగ్గం గుంతలోకి తొంగి చూడటం అదే మొదలు. ఆమె పైన చేతులతో ఏం చేస్తుందో నేను చూడలేదు. కిందికే చూశాను. గుంతలో రెండు చెక్కలు. వాటి మీద ఆమె కాళ్ళు. వేళ్ళు కొంచెం పైకి లేచి ఉంటాయి, వేళ్ళ కింది మెత్తటి భాగంతోనే తొక్కుతుంది. మెట్టెలు చెక్కను తాకనే తాకవు. కారులో మాత్రం అందక వేళ్ళ కొసలతో తొక్కింది, అందుకే చిక్కింది. ఇంకొకటి: ఎడమ చెక్క ఉత్త కర్ర, అరిగి నున్నగా ఉంది. కుడి చెక్కకు కొబ్బరితాడు చుట్టి ఉంది.

"ఇదేంది?" అన్నాను.

"మా అత్త చుట్టిందక్కా. ఏ కాలి కింద ఏముందో చూడకుండా తెలిసేదానికి. కండ్లు చీర మీద ఉండాల గదా, కిందికి సూస్తే పోగు తెగుతాది." ఆమె కాలు ఆపకుండానే చెప్పింది. "కార్లో ఏముండాది? కాలికి అన్నీ ఒకటే మాదిరి. ముగ్గురు కోడండ్లకు ఒకే రంగు చీర కట్టి, ముసుగేసి, మీ కోడలెవురో చెప్పమన్నట్ల."

ఆమె భర్త గోడ పక్కన కూర్చుని కండెలు చుడుతున్నాడు. మెల్లగా మాట్లాడే మనిషి. "దానికి కాళ్ళల్లో ఉండాయి కండ్లు," అన్నాడు. "నాకు మొగంలో గూడా లేవు."

"మరి తాళాలు తమ్ముడికిస్తానని ఎందుకు ఒప్పుకున్నావప్పా?"

"ఒప్పుకోకుంటే కారే కొననిచ్చేటోడు కాదమ్మా వాడు. మూడు తూర్లన్నా. నాలుగని ఉండాల్సింది." కండె ఆపి నావైపు, నేనున్నానని అనుకున్న వైపు, తిరిగాడు. "రేపటికి అయితాదా మీ పని?"

అవుతుందని చెప్పాను. సాధారణంగా కొలవకుండా మాట ఇవ్వను. ఆ రోజు ఇచ్చాను.

గుంత పక్కన బోర్లా పడుకుని చెక్కల వెడల్పు, వాటి మధ్య ఎడం, ఆమె మడమ నుంచి తొక్కే చోటు దాకా దూరం కొలిచాను. మొత్తం పద్నాలుగు కొలతలు. నా చీర నిండా మట్టి. ఆమె దులుపుతూ, "కొలతలక్కా అని నిన్ను ఊరికే అన్లేదు," అంది. ఆ పేరు ఫిట్టరు ఆమెకు కూడా చెప్పాడన్నమాట.

గురువారం పొద్దున తొమ్మిదికి కారు వచ్చింది. పలకలను పదిహేను మిల్లీమీటర్లు కిందికి దించాం, వేళ్ళు పలక పైఅంచు దాటి గాలిలో ఉండేలా. దిమ్మలను ముప్పై అయిదు నుంచి నలభై రెండుకు పెంచాం. క్లచ్చి పలక మీద నున్నటి రబ్బరు షీటు పరిచి రివెట్లు కొట్టాం, బెజ్జాలన్నీ మూసుకుపోయాయి. బ్రేకు పలక మీద అడ్డగీతల గరుకు రబ్బరు. ఆ రబ్బరు కోసింది టైలరు. బట్ట కోసినంత శుభ్రంగా కోశాడు. యాక్సిలరేటరుకు బెజ్జాలు లేని ఉత్త అల్యూమినియం రేకు వేశాం.

"ఇది చల్లగా తగుల్తాది," అంది ఆమె కాలు పెట్టి చూసి. "ఇంగ చెప్పనక్కర్లేదు ఏదో."

"ఎండాకాలం సుర్రుమంటాది గదమ్మా?" అన్నాడు ఫిట్టరు.

"అప్పుడు మెల్లగా పోతాలేన్నా. మంచిదే గదా."

ఈసారి పరీక్షకు నేను బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టాను. అంగట్లో అప్పటిదాకా నా పాదాలు చూసినవాళ్ళు లేరు. "అక్కకు కాళ్ళుండాయి రోయ్!" అని టైలరు కేక పెట్టాడు. సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఫిట్టరు బయట నిలబడి, "బ్రేకు, క్లచ్చి, క్లచ్చి, బ్రేకు, ఎక్సలేటరు" అని కలగాపులగంగా అరుస్తుంటే తొక్కాను. ఒక్కోటి ఇరవై, మొత్తం అరవై. రెండు తప్పాయి. తర్వాత ఆమె కూర్చుంది. ఆమెకు ఫిట్టరు నోరు తిరిగినంత వేగంగా చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. చివరికి ఫిట్టరుకే దగ్గు వచ్చి ఆపాడు.

శుక్రవారం హిందూపురం. లైసెన్సు పరీక్ష పెట్టే మైదానం దగ్గరికి నేను పొద్దున తొమ్మిదింబావుకే పుస్తకం సంకలో పెట్టుకుని వెళ్ళాను. వాళ్ళు తొమ్మిదీ నలభైకి వచ్చారు. మా వైపు ఆ అధికారిని అందరూ బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు. ఈయన ముందు రెండుసార్లూ ఆమెను తప్పించినవాడే. కారు తలుపు తీసి కిందికి వంగి చూసి, అలాగే ఉండిపోయాడు.

"ఏంటమ్మా ఇవి?"

"పెడల్సు సార్."

"అది తెలుస్తోంది. ఇలాంటివి నేనెక్కడా చూడలేదు. ఎవరు బిగించారు? నేను ఈ బండి మీద పరీక్ష ఎందుకు పెట్టాలి?"

మరిది చేతులు కట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆమె ముఖంలో వామిలో దూరినప్పుడు కూడా లేని భయం అప్పుడు చూశాను. పరీక్షే జరగకపోతే ఇంట్లో అది తప్పినట్టే లెక్క. నేను ముందుకు వెళ్ళి పుస్తకం తెరిచి ఇచ్చాను.

ఆయన నిలబడే చదివాడు. దిమ్మల ఎత్తు, నట్ల బిగువు, అరవై తొక్కుళ్ళు. తర్వాత వెనక పేజీ తిప్పాడు. "సోమవారం, సాయంత్రం అయిదూ పది. తప్పు నాది," అని పైకే చదివి నన్ను చూశాడు. "ఇది మీరు రాసిందేనా?"

"అవును సార్."

"తప్పు నాది అని రాసుకున్న కాగితం నా చేతికి రావడం ఇదే మొదటిసారమ్మా."

ఆయన సీటు పూర్తిగా వెనక్కి జరిపి కూర్చున్నాడు. ఒక్కోటీ ఒత్తి చూశాడు, క్లాంపులు పట్టి ఊపాడు. తర్వాత ఏమనుకున్నాడో, కుడి బూటు విప్పాడు. మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. అదీ విప్పాడు. కళ్ళు మూసుకుని మూడు పెడళ్ళ మీదా కాలు తిప్పి, "భలే ఉందే," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. దిగి బూటు తొడుక్కుని మళ్ళీ గొంతు మార్చాడు. "ఎనిమిది తిప్పు. ఎత్తు మీద ఆపు. వెనక్కి తీసి కర్రల మధ్య పెట్టు. తల దించితే తప్పించేస్తా, ముందే చెప్తున్నా."

నేను కారును చూడలేదు. ఆమె గడ్డాన్నే చూశాను. ఎనిమిది తిరిగింది, గడ్డం కదల్లేదు. ఎత్తు మీద ఆపింది, బండి వెనక్కి ఒక్క వేలెడు కూడా జారలేదు. వెనక్కి తీసేటప్పుడు ఎక్కడి నుంచో రెండు కుక్కలు ఒకదాన్నొకటి తరుముకుంటూ కర్రల మధ్యలోకి దూరాయి. పక్కన నిలబడినవాళ్ళు కేకలు వేశారు. కారు ఆగింది. మగ్గం మీద చేయి ఆపినంత నిశ్శబ్దంగా ఆగింది. కుక్కలు పోయాయి. ఆమె అద్దంలోకే చూస్తూ మిగతా దూరం వెనక్కి వచ్చి రెండు కర్రల మధ్య నిలిపింది. నేను పోయి కొలిచాను: ఎడమవైపు ముప్పై రెండు సెంటీమీటర్లు, కుడివైపు ముప్పై.

"పాస్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె కిటికీలోంచి తల బయట పెట్టింది. "సార్, ఇంగొక రౌండు కొట్టొచ్చునా?"

"ఇది ఎగ్జిబిషన్ కాదమ్మా," అన్నాడు. కానీ కొట్టనిచ్చాడు.

మరిది ఆమె దిగే దాకా ఆగి దగ్గరికి వచ్చాడు. ఓడినవాడి ముఖం కాదు, ఇంకా ఏదో మిగిలిందన్న ముఖం. "సరే ఒదినా, కారు నీదే. ఊర్లో రష్షుండాది. తాళమియ్యి, పెనుకొండ దాకా నేను తోల్తా." ఆమె ఇచ్చేసింది. అంత సంతోషంలో ఏదడిగినా ఇచ్చేదే.

అతను ఎక్కాడు. సీటు చివరి దాకా వెనక్కి తోశాడు. నలభై రెండు మిల్లీమీటర్ల దిమ్మల మీది పెడళ్ళు ఆరడుగుల మనిషి కాళ్ళకు ఎదురొచ్చాయి. మోకాళ్ళు స్టీరింగుకు రెండు పక్కలా గోడల్లా లేచాయి. క్లచ్చి తొక్కితే ఎడమ మోకాలు తలుపుకు కొట్టుకుంది, వదిలితే కారు ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాడు, మళ్ళీ ఆగింది. మూడోసారి కుడి మోకాలు హారను మీద పడి, తీసేదాకా మోగుతూనే ఉంది. పరీక్షకు వరుసలో నిలబడిన వాళ్ళంతా ఇటు తిరిగారు. ఇన్‌స్పెక్టరు కాగితాలతో ముఖం కప్పుకున్నాడు.

నాలుగోసారి ఆగాక అతను దిగి, మోకాలు రుద్దుకుంటూ తాళం ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ కారింగ నీకు తప్ప యావనికీ పనికిరాదొదినా."

"నాకు పనికొస్తే సాలబ్బా," అంది ఆమె.

ఆ మాటకు అతను కూడా నవ్వాడు. వారం నుంచి అతను నవ్వడం అదే మొదటిసారి. నవ్వితే మంచి ముఖం.

పాసైనా లైసెన్సు చేతికి వచ్చేదాకా పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి గనక, మరిది ముందు సీట్లోనే కూర్చున్నాడు. వెనక సీటంతా హిందూపురం అంగళ్ళకు తెచ్చిన చీరలు. నాకు చోటు చేయడానికి ఒక మూట అతని ఒళ్ళో పెట్టాం. ఆమె భర్తకు ఫోను చేసి ఒక్క మాటే చెప్పింది: "అయిపాయె. మజ్జాన్నానికి వస్తాండా, కూడొండి పెట్టు." నేను పనిలోకి పోవాలి, పెనుకొండలో దింపమన్నాను. రెండు అంగళ్ళ దగ్గర ఆగి చీరలిచ్చి, పదకొండూ యాభైకి ఊరు దాటాం.

ఒక ఉద్యోగంలో ఎన్ని వందల బండ్లు చూసినా, మనం బిగించింది మన కళ్ళ ముందు పరుగెత్తుతుంటే వెనక సీట్లో కూర్చుని చూసే వేళ ఎన్నిసార్లు వస్తుంది? నాకు ఆ ఒక్కసారే వచ్చింది. కాలవ దగ్గర బర్రెలు అడ్డమొచ్చాయి, ఆగింది. మలుపులో బస్సు మీదికొచ్చినట్టు వచ్చింది, సర్దుకుంది. ఆమె తల ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. కానీ మరిది కుడికాలు మాత్రం చీరల మూట కింద నుంచి పదేపదే కారు నేలను గట్టిగా తొక్కుతోంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పెనుకొండ వచ్చేదాకా ఆమె బ్రేకు పంతొమ్మిది సార్లు తొక్కింది. అతను ఉత్త నేలను నలభై ఒక్క సార్లు తొక్కాడు.

అంగడి ముందు ఆపుతూ, ఆమె రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే అంది: "ఆడ పెడలు లేదబ్బా."

"నాకు తెలుసొదినా," అన్నాడు అతను. "నా కాలికే తెల్దు."